ఈశ్వరమ్మ వద్దంది

దబ్బగుడలో మనిషి ముఖం మీద "వద్దు" అనరు. ముఖ్యంగా పైనుంచి వచ్చిన మనిషిని అసలే అనరు. కూటంలో ఊరిపెద్ద సోంబరు ఒక మాట పెడతాడు. ఇష్టమున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు "అవును, అలగే" అంటారు. ఇష్టం లేనివాళ్లు నోరు మెదపరు. ఒక్కరు మెదపకపోయినా సోంబరు చప్పున పట్టేస్తాడు. పెట్టిన మాట మెల్లగా వెనక్కి తీసుకుని, అరచేతిలో పొగాకు నలుపుకుంటూ మంచు సంగతో ఎలుగుబంటి సంగతో ఎత్తుతాడు. ఎవరి పరువూ పోదు, ఎవరికీ ఎవరిమీదా కోపం మిగలదు.

అలాంటి ఊళ్లో పుట్టి, అదే ఊళ్లో మనువాడి, కాఫీ తోట దాటి కుదురుగా ఎక్కడా కూర్చుని ఎరగని ఈశ్వరమ్మ మామిడిగుడ డిగ్రీ కాలేజీకి పాలక మండలి సభ్యురాలైంది. ఆవిడ అడిగింది కాదు. కొత్త చట్టం వచ్చింది. ఇదివరకు కాలేజీలో నీళ్ల పంపు చెడినా రాజధాని నుంచి ఉత్తర్వు రావలసిందే. ఉత్తర్వు వచ్చేసరికి పిల్లల చదువులే అయిపోయేవి. ఇకమీదట మీ కాలేజీని మీరే ఏలుకోండి అంది చట్టం. ఒక్కో కాలేజీకి అయిదుగురితో మండలి వేసి, అందులో ఒకరు ఆ చుట్టుపక్కల ఊళ్ల తల్లో తండ్రో కావాలంది. ఈశ్వరమ్మ కూతురు సుమ బీఎస్సీ రెండో సంవత్సరం. ఈశ్వరమ్మకు సంతకం వచ్చు, సంతలో నలుగురితో మాట్లాడడమూ వచ్చు. ప్రిన్సిపాల్ ఏసుదానం ఆవిడ పేరు పంపాడు.

మొదటి సమావేశం నాటికి కాఫీ పండు ముమ్మరంగా ఉంది. నడుముకు కట్టిన బుట్ట విప్పి పక్కన పెట్టి, చేతుల జిగురు బూడిదతో తోముకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వెళ్లింది. స్టాఫ్ రూములో బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. అధ్యక్షుడు రామారావుగారు విశాఖలో పెద్ద ఉద్యోగం చేసి దిగిన మనిషి. జీతం లేదన్నా ఒప్పుకుని ఘాట్ రోడ్డు మలుపులన్నీ ఎక్కి వచ్చాడు. ఆయన పక్కన విశ్వవిద్యాలయం పంపిన మేడం కూర్చుంది. పరిశ్రమల తరఫు సభ్యుడు హైదరాబాదు నుంచి గోడమీది తెరలో ముక్కూ నుదురూ మాత్రం కనిపిస్తున్నాడు. బల్ల చివర ఏసుదానం, ఆయన ఎదురుగా ఈశ్వరమ్మ.

రామారావుగారు విషయం విడమరిచి చెప్పాడు. మామిడిగుడలో సైన్సు చదివేవాళ్లు కొద్దిమంది. ల్యాబులో ఉన్న మైక్రోస్కోపుల్లో సగం చూపు మందగించినవే. ఇలాంటివే ఇంకో రెండు కొండ కాలేజీలు ఉన్నాయి. మూడింటి సైన్సూ తీసుకెళ్లి ఘాట్ దిగువ పట్నం కాలేజీలో కలిపేస్తే ఒక్క మంచి ల్యాబు, పూర్తిస్థాయి లెక్చరర్లు. మామిడిగుడలో బీఏ మటుకు ఉంటుంది. తెరమీద దిగువ కాలేజీ బొమ్మలు వేయించాడు. అద్దాల కిటికీలు, తెల్లకోట్లు వేసుకున్న పిల్లలు. అబద్ధమేమీ చెప్పలేదు పాపం. ఆయన మనసులో నిజంగా పిల్లల మేలే ఉంది.

ఈశ్వరమ్మ బొమ్మలు శ్రద్ధగా చూసింది. బాగున్నాయి. కానీ ఆవిడ కళ్లముందు వేరే లెక్క నడిచింది. దబ్బగుడ నుంచీ చుట్టుపట్ల గూడేల నుంచీ ఆడపిల్లలు పొద్దున్నే గంజి తాగి నడిచి వస్తారు. సాయంత్రానికి ఇళ్లు చేరి, మిగిలిన వెలుగులో నాలుగు పండ్లు కోస్తారు. అందుకే తండ్రులు ఊరుకున్నారు. దిగువ పట్నంలో ఉండి చదవాలంటే మగపిల్లల్ని పంపుతారేమో. ఆడపిల్లకైతే "ఇంటరు సాలు" అనేస్తారు. సుమ తండ్రి ఆ మాట ఇదివరకే ఒకసారి అన్నాడు. అప్పుడు ఈశ్వరమ్మ కొండంత రగడ చేసి కాలేజీలో వేసింది.

"ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అన్నాడు రామారావుగారు.

మేడం లేదన్నట్టు పెన్ను ఊపింది. తెరలో ముక్కు "గుడ్ ఐడియా సర్" అంది. ఏసుదానం బల్లగుడ్డ అంచు సవరిస్తున్నాడు.

రామారావుగారు ప్రత్యేకంగా ఈశ్వరమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఇది మీ కాలేజీ. మీరేమంటారు?"

ఈశ్వరమ్మ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది. పెదవులు బిగించి, తల దించకుండా, ఆయన భుజం పక్కనున్న కిటికీలోకి చూస్తూ కూర్చుంది. ముందుకు జరిపిన టీ కూడా ముట్టలేదు. దబ్బగుడలో ఇంత గట్టిగా వద్దన్నవాళ్లు ఈ మధ్యకాలంలో లేరు. కింద రోడ్డుమీద జీపొకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆవిడ కదల్లేదు.

ఆయన నవ్వాడు. "మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. అందరికీ ధన్యవాదాలు," అన్నాడు. తర్వాత చలి గురించి, పొద్దున తాను తాగిన కాఫీ రుచి గురించి మాట్లాడాడు.

పెద్దల మాటేమిటో ఈశ్వరమ్మకు అంతుపట్టలేదు గానీ చలి సంగతి మాత్రం బాగా అర్థమైంది. సోంబరు కూడా సరిగ్గా ఇలాగే మాట మారుస్తాడు. ఆయన చేసింది చూస్తే, పట్నం మనిషైనా మర్యాద తెలిసినవాడే అనుకుంది.

ఇంటికి నడుస్తుంటే ఆవిడకు గెలిచానన్న సంతోషం లేదు సరికదా, లోపల ముల్లు గుచ్చుకుంటున్నట్టుంది. అంత దూరం వచ్చిన పెద్దాయన్ని అందరి ఎదుటా అలా కాదనేయడం, పైగా టీ కూడా ముట్టకపోవడం, మరీ మోటుగా అయిందేమో. మర్నాడు పొద్దున్నే అటకమీది కొత్త రాజ్‌మా గింజలు చేటలో పోసి చెరిగి, పుచ్చులు ఏరి, సంచి నింపింది. ఆయన కారు కాలేజీ గేటు దగ్గర ఆగి ఉండగా అందుకుంది.

"బాబూ, నిన్నటిది మనసులో ఎట్టుకోకండి. ఇయి ఇంటికి ఒట్టుకెల్లండి."

రామారావుగారికి కళ్లు చెమర్చినంత పనయింది. "ఎంత మంచి మనసమ్మా మీది! ఇదంతా మీ పిల్లల కోసమే," అన్నాడు. డ్రైవరు చేత ఫోటో తీయించుకున్నాడు. ఫోటోలో ఆయన సంచి అందుకుంటున్నాడు, ఈశ్వరమ్మ చేతులు జోడించి ఉంది.

రెండు రోజులు ఆవిడ హాయిగా పండ్లు కోసుకుంది. ఎర్రగా పండినవి మటుకే బొటనవేలితో మెలిపెట్టి తీయాలి. కాడ చిరిగితే వచ్చే ఏడాది అక్కడ పూత రాదు. మూడో రోజు సుమ మధ్యాహ్నానికే వచ్చేసింది. పుస్తకాల సంచి అరుగుమీద పడేసి, తల్లి ముఖంలోకి చూడకుండా ఫోను చాపింది. కాలేజీ గ్రూపులో ఆ ఫోటో ఉంది. కింద రాసింది సుమ చదివి వినిపించింది. సైన్సు విభాగం తరలింపునకు గిరిజన సభ్యురాలి హర్షం, అధ్యక్షులకు కృతజ్ఞతగా కానుక.

"పొద్దున మైకులో సెప్పేసినారు. జూన్ నుంచి బీఎస్సీ కిందకెల్లిపోద్దంట. అందరూ ఒప్పుకున్నారంట. నువ్వూ ఒప్పుకున్నావంట."

"నానా? నాను ఒద్దన్నాను గదే!"

"ఏటని ఒద్దన్నావు?"

"ఏటనడమేటి? మాటాడ్నేదు."

సుమ రెండు లోకాల్లోనూ మసలుతున్న పిల్ల. సంగతి అర్థమయ్యేసరికి ఏడవాలో నవ్వాలో తెలియక గోడకు చేరబడి కూలబడింది. "ఆల దగ్గర మాటాడకపోతే ఒప్పుకున్నట్టే అమ్మా," అంది చివరికి.

సాయంత్రం సోంబరు వచ్చాడు. విన్నాడు. పొగాకు నలిపాడు గానీ నోట్లో వేసుకోలేదు.

"మాటాడ్నేదు గదా నువ్వు?"

"నేదు మావా. టీ కూడా తాగనేదు."

"టీ కూడా తాగనేదూ!" ముసలాయన ఆశ్చర్యపోయాడు. "మరింక ఎలాగ సెప్పాలంట ఆలకి?"

సోంబరు నమ్మినంత తేలిగ్గా ఊరు నమ్మలేదు. కోతల కాలంలో ఆ ఊరి ఆడవాళ్లు ఒకరి తోటకు ఒకరు బదులు పనికి వెళ్తారు. ఈశ్వరమ్మ అందరి తోటల్లోనూ కోసి వచ్చింది. ఇప్పుడు ఆవిడ వంతు. పొద్దున పొయ్యిమీద పెద్ద డేగిసాతో అంబలి కాచి కూర్చుంది. ఒక్కరూ రాలేదు. రమణి కూతురు కూడా సుమతోపాటే చదువుతోంది. ఆ రమణి బాటమీదే ఎదురుపడి, పక్క తోటలో పని ఉందని చెప్పి తల తిప్పుకుని పోయింది. ఈశ్వరమ్మను కారులో తిప్పారనీ సుమకు కింద ఉచితంగా సీటు రాయించుకుందనీ ఎవరో అన్నారు. ఎవరన్నారో ఎవరికీ తెలియదు. ఊరి నోరు మూయడానికి మూకుడు ఎక్కణ్ణించి తెస్తాం? పండ్లు కొమ్మల మీదే నల్లబడుతున్నాయి. తానూ సుమా కోసినంత కోశారు, అంబలి రెండు రోజులు వాళ్లే తాగారు.

మర్నాడు ఈశ్వరమ్మ ఏసుదానం గదికి వెళ్లింది. ఆయనది మిషన్ స్కూలు మేష్టారి కుటుంబం. సౌమ్యుడు. ఆవిడను కూర్చోబెట్టి తానే మంచినీళ్లు ఇచ్చాడు. ఆవిడ చెప్పిందంతా విని నెత్తి పట్టుకున్నాడు.

"అయ్యో అమ్మా! శనివారం మళ్లీ కూర్చుంటాం. మొన్నటి తీర్మానం ఖాయం చేయాలి. ఆ రోజు లేచి, నాకు అభ్యంతరం ఉందని నోటితో చెప్పండి."

"సెప్తే ఆగిపోద్దా?"

ఏసుదానం అబద్ధమాడడం చేతకాని మనిషి. "మీ ఒక్కరితో ఆగదు. కోర్సు తరలించాలంటే అయిదుగురిలో నలుగురు ఒప్పుకోవాలి. ఇద్దరు కాదంటేనే ఆగుతుంది."

"రెండో మనిషి ఎవులు?"

ఆయన బల్లమీది పేపర్‌వెయిటు ఒకసారి తిప్పి వదిలాడు. అది తిరిగి తిరిగి ఆగేదాకా ఇద్దరూ దాన్నే చూశారు.

"సారూ, ఆ దినం మీరూ మాటాడ్నేదు గదా," అంది ఈశ్వరమ్మ. "మీరూ ఒద్దన్నారనే అనుకున్నాను నాను. ఇద్దరం ఉన్నామని ధైర్నెంగా ఇంటికెల్లినాను."

ఏసుదానం ముఖం కందిపోయింది. "నాది వేరమ్మా," అన్నాడు. "నాకు రెండేళ్ల సర్వీసుంది. మా ఆవిడకి డయాలసిస్, కింద పట్నంలోనే ఉంటోంది. వారం వారం ఈ ఘాట్ దిగి ఎక్కలేకపోతున్నాను. సైన్సు కిందికెళ్తే నన్నూ అక్కడికే వేస్తానన్నారు. నేనేం చెప్పను?"

ఈశ్వరమ్మకు ఆయనమీద కోపం రాలేదు. ఆ కష్టం నిజంగానే కష్టం. అలాగని సుమ కష్టం తీరలేదు కూడా. మంచినీళ్లు తాగి, గ్లాసు బోర్లించి, లేచి వచ్చేసింది.

శనివారం లోపు నేర్చుకోవలసింది రెండు ముక్కల మాట. పెరట్లో టార్పాలిన్ మీద కాఫీ గింజలు ఆరబోసి, కాళ్లతో చాళ్లు తీస్తూ తిరగేస్తున్నారు తల్లీ కూతుళ్లు. సుమ అధ్యక్షుడి వేషం కట్టింది. చున్నీ మెడచుట్టూ శాలువలా వేసుకుని, గొంతు లావు చేసి, "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అంది.

ఈశ్వరమ్మ నోరు తెరిచింది. నవ్వొచ్చింది. రెండోసారి తెరిచింది. మళ్లీ వంగి గింజలు సర్దింది.

"నాకు ఏటడిగినా ఒద్దు ఒద్దు అంటావు గదా రోజూ!"

"నువ్వు నా కడుపున పుట్టిన గుంటవే. ఆయన పైనుంచొచ్చిన మనిసి. మొకమ్మీద ఎలాగంటాం?"

సుమ చున్నీ తీసి కింద కొట్టింది. "అయితే అనకు! జూన్ నుంచి నాకూ బుట్ట కట్టు. నాన్న ఎవుణ్ణో సూసి పెట్టుంటాడు, ఆడికిచ్చి సేసెయ్యి. అప్పుడూ నువ్వు మాటాడకు, ఒప్పుకున్నావనుకుంటాం!"

ఆ మాట అనేసి పిల్ల ఏడుస్తూ ఇంట్లోకి పోయింది. ఈశ్వరమ్మ చాలాసేపు గింజలు తిరగేస్తూనే ఉంది. అప్పటికే ఆరిన పక్కను కూడా తిరగేసింది. జీవితంలో ఎన్నో కష్టాలు పడ్డది గానీ, నోరు పెగలకపోవడం ఇంత పెద్ద కష్టమని ఆవిడకు ఆవేళే తెలిసింది.

శనివారం మంచు పదింటిదాకా విడలేదు. స్టాఫ్ రూములో లైట్లు వేశారు. రామారావుగారు ఈశ్వరమ్మను చూస్తూనే లేచి నమస్కారం పెట్టాడు.

"మీ రాజ్‌మా మా ఇంట్లో లొట్టలేసుకుని తిన్నారమ్మా. మా మనవరాలైతే ఇంకా ఉన్నాయా అని అడిగింది."

వద్దనడానికి వచ్చిన మనిషికి ఇంతకంటే అన్యాయం ఉంటుందా? ఈశ్వరమ్మ తిరిగి దండం పెట్టి కూర్చుంది. తెరలో ముక్కూ నుదురూ వచ్చాయి. ఏసుదానం బల్లగుడ్డ అంచు వెతుక్కున్నాడు గానీ ఈసారి గుడ్డ పరవలేదు.

"గత తీర్మానం ధ్రువీకరించుకుందాం. అభ్యంతరాలు లేవు కదా?" అని అడుగుతూనే రామారావుగారు తర్వాతి కాగితం తీశాడు.

"బాబూ."

అందరూ తలెత్తారు. ఈశ్వరమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో ఆవిడకే తెలియదు.

"నానొద్దంటన్నాను," అంది.

పెద్దగా అనలేదు. అయినా అన్నది. అన్నాక ఆయన ముఖం చూడలేక గోడకేసి తిరిగి, మిగిలింది గోడకే చెప్పింది. "కిందకెల్తే మా గుంటలు సదవరు. ఎవులూ పంపరు. ల్యాబు మంచిదే బాబూ, మీరూ మంచోరే. కానీ ఒద్దు."

రామారావుగారు కాగితం కింద పెట్టాడు. "మరి ఆ రోజు చెప్పలేదేమమ్మా?"

"ఆ దినమూ ఒద్దనే అన్నాను. మాటాడ్నేదు గదా. మా ఊల్లో ఇట్టం నేనోలు మాటాడరు. ఇట్టమున్నోలే మాటాడతారు."

"మరి ఆ గింజలు...?"

"మిమ్మల్ని కాదన్నాను గదా. మీరు నొచ్చుకుంటారని తెచ్చినాను."

మేడం పెన్ను ఆగిపోయింది. రామారావుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పెద్ద ఉద్యోగంలో ఉండగా ఎన్నో సమావేశాల్లో ఎంతోమంది మాట్లాడకుండా కూర్చోగా చూశాడాయన. వాళ్లందరూ ఇప్పుడు గుర్తొచ్చారేమో, తుడిచిన అద్దాలే మళ్లీ తుడిచాడు. కానీ మనిషి నిబంధనల మనిషి.

"మీ అభ్యంతరం రాయిస్తానమ్మా. పొరపాటు నాదే. కానీ నలుగురు ఒప్పుకున్నారు కాబట్టి తీర్మానం నిలుస్తుంది."

"నలుగురంటే ఎవులెవులు బాబూ?"

"నేను, మేడం, తెరమీద ఉన్న సభ్యులు, ప్రిన్సిపాల్ గారు."

"సారు ఎప్పుడన్నారు?"

రామారావుగారు బల్ల చివరకు చూశాడు. "ఏసుదానం గారూ, మీరు ఒప్పుకున్నట్టే కదా?"

ఏసుదానం లేచి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో తెలియనట్టు చుట్టూ చూశాడు. అవునంటే జూన్ నుంచి కింద ఇల్లు, వారం వారం ఘాట్ తిప్పలు లేకుండా భార్య పక్కన ఉండడం. అంత సులువైన మాట మరొకటి లేదు. నోరు కొద్దిగా తెరిచాడు కూడా. అవునూ రాలేదు, కాదూ రాలేదు. కిటికీ అవతల మంచులో పిల్లలెవరో ఒకరినొకరు పిలుచుకుంటున్నారు. ఆయన అలాగే నిలబడి ఉన్నాడు.

ఈశ్వరమ్మ ఆయన్నే చూసింది. సోంబరు కూటంలో చూసే చూపు ఆవిడకూ కొంత వచ్చు.

"సూడండి బాబూ," అంది. "సారు ఒద్దంటన్నారు."

"అది మీరు చెప్పకూడదమ్మా. ఆయన చెప్పాలి," అన్నాడు రామారావుగారు. ఆయన గొంతులో విసుగు లేదు. ఈసారి నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. "చెప్పండి ఏసుదానం గారూ. తొందర లేదు."

చాలాసేపు పట్టింది. తెరలో నుదురు ముడతలు పడి, "సర్, ఆడియో పోయిందా?" అని కూడా అడిగింది.

"ఆవిడ చెప్పింది నిజమే సార్," అన్నాడు ఏసుదానం. "నేనూ వద్దంటున్నాను."

తీర్మానం ఆగింది. పూర్తిగా కొట్టేయలేదు, జూన్‌కి మటుకు వద్దు, ఆ పై ఏడాదికి మళ్లీ చూద్దామన్నారు. ఈలోగా మైక్రోస్కోపులు బాగు చేయించమని రామారావుగారే రాయించాడు. టీ వచ్చింది. ఈశ్వరమ్మ తాగింది.

బయట వరండాలో ఏసుదానం ఒక్కడే స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడకు ఆయన దగ్గరికి వెళ్లడానికి కాళ్లు రాలేదు. గెలుపు సంగతి అటుంచి, దబ్బగుడలో ఎవరూ చేయని పని తాను చేసింది. ముఖం మీద వద్దనడం ఒక తప్పు. ఎదుటి మనిషి ఊరకుంటే ఆ ఊరకుండడానికి అర్థం పైకి చెప్పేయడం అంతకంటే పెద్ద తప్పు. సోంబరుకు ఎవరి మనసైనా తెలుస్తుంది గానీ చచ్చినా బయట పెట్టడు. తనకోసం, తన గుంటకోసం, ఈ మనిషి భార్యను కింద వదిలేసుకోవలసి వచ్చింది.

"తప్పయిపోనాది సారూ," అంది దగ్గరికి వచ్చి. "మీ నోట్లో మాట నాను సెప్పేసినాను. ఒకేళ మీరు ఔననే అనాలనుకున్నారేమో."

ఏసుదానం తల అడ్డంగా ఊపాడు. చేతిలోని టీ ఎప్పుడో చల్లారిపోయింది.

"ఏమనాలనుకున్నానో నాకే తెలీదమ్మా," అన్నాడు. "మీరన్నాకే తెలిసింది."